జాతి నిర్మాణంలో ఇంటర్‌డిసిప్లినరీ పరిశోధన అంటూ సెమినార్లు పెడుతున్నారు, అసలు పని ఎక్కడ జరిగింది?

మెట్టుగూడ_మల్లి
మొన్న ఒక నేషనల్ సెమినార్‌కు వెళ్లాను. పేరు "జాతి నిర్మాణంలో ఇంటర్‌డిసిప్లినరీ సామాజిక శాస్త్ర పరిశోధన పాత్ర". ఎక్కడ అని అడగొద్దు, హైదరాబాద్ సిటీలోనే. ఫీజు కట్టించుకున్నారు, బ్యాగు ఇచ్చారు, జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పుకున్నారు, గ్రూప్ ఫొటో దిగారు. భోజనాలయ్యాక మిగిలిన టైములో పేపర్లు. మనిషికి ఐదు నిమిషాలు. అదీ ఎకనామిక్స్ వాళ్లకో గది, సోషియాలజీ వాళ్లకో గది, పొలిటికల్ సైన్స్ వాళ్లకు ఇంకో గది. ఇంటర్‌డిసిప్లినరీ, అంటే రకరకాల శాస్త్రాలు కలిసి చేసే పని, బ్యానర్ మీద తప్ప ఎక్కడా కనపడలేదు.

నా సొంత గొడవ ఇంకోటి ఉంది. నాది బీటెక్ సివిల్, ఆ తర్వాత ఎంఏ సోషియాలజీ, ఇప్పుడు పీహెచ్‌డీ. శివారు కాలనీల్లో ట్యాంకర్ నీళ్లు అమ్మేదెవరు, కొనేదెవరు, బోర్లు ఎండిన వీధుల్లో అద్దెలు, ఆడవాళ్ల పని గంటలు ఎలా మారుతున్నాయి అన్నది టాపిక్. భూగర్భజల మట్టాల లెక్కలు కూడా పక్కన పెట్టుకుని చూస్తానంటే డీఆర్‌సీలో (టాపిక్ పాస్ చేసే డిపార్ట్‌మెంట్ పరిశోధన కమిటీ) "ఇది సోషియాలజీ కాదమ్మా, జియాలజీ" అన్నారు. సలహా కోసం జియాలజీ సార్ దగ్గరకు వెళ్తే "ఇంటింటికీ తిరిగి అడగడం సైన్స్ ఎలా అవుతుంది" అన్నారు.

మన చుట్టుపక్కల నాలుగు శాస్త్రాల వాళ్లు నిజంగా కలిసి పని చేసి, దానివల్ల జనానికో ప్రభుత్వానికో ఏదైనా ఒరిగిన సందర్భాలు ఉన్నాయా? ఉపన్యాసాలు వద్దు, ఉదాహరణలు చెప్పండి. వచ్చే డీఆర్‌సీలో చూపించుకోవాలి.

చాయ్_బిస్కట్
భోజనంలో ఏం పెట్టారో చెప్పకుండా సెమినార్ రివ్యూ ఏంటి?

మెట్టుగూడ_మల్లి
పనీర్, జీరా రైస్, గులాబ్ జామ్. ఇక ప్రశ్నకు రండి.

చాయ్_బిస్కట్
ఒక డిపార్ట్‌మెంట్ నుంచి కాపీ కొడితే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. మూడు డిపార్ట్‌మెంట్ల నుంచి కొడితే ఇంటర్‌డిసిప్లినరీ. నాకు తెలిసింది ఇంతే.

సివిల్_సాబ్
ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. దేశాన్ని కట్టేది సిమెంటు, కరెంటు, నీళ్లు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేలమంది పోతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. పైన చెరువు కట్టండి, నీళ్లు అక్కడే ఆపండి అన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వందేళ్లు ఊరు నిలబడింది. దాంట్లో సోషియాలజిస్టు ఎక్కడున్నాడు?

ఆర్ట్స్‌కాలేజీ_మెట్లు
సాబ్ గారూ, కథ సగం దగ్గర ఆపారు. వరద వచ్చింది, తర్వాత ప్లేగు కూడా వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టాల్సి వచ్చింది ఎందుకు? ఇరుకు బస్తీల్లో జనం ఎలా ఉంటున్నారు, వాళ్లను కదిలిస్తే ఎక్కడ పెట్టాలి, ఎంత అద్దె కట్టగలరు అన్నవి రిజర్వాయరు గోడ చెప్పదు కాబట్టి. ఇప్పుడు మూసీ ఒడ్డున ఇళ్లు కూల్చేటప్పుడు జరుగుతున్న గొడవంతా కూడా అదేగా. ప్రవాహం లెక్క ఇంజనీర్ల దగ్గర ఉంది. ఆ ఇంట్లో వాడు పొద్దున పనికి ఎంత దూరం నడుస్తాడో లెక్క ఎవరి దగ్గరా లేదు.

మల్లి అడిగిన ఉదాహరణకు వస్తాను. శామీర్‌పేట. ఇప్పుడు బిట్స్ పిలానీ క్యాంపస్, రిసార్టులు గుర్తొస్తాయి కానీ ఒకప్పుడు సామాజిక శాస్త్రం చదివే వాళ్లకు ఆ పేరు ప్రపంచమంతా తెలుసు. 1951-52లో ఉస్మానియా నుంచి మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే నాయకత్వంలో ఒక బృందం ఆ ఊరికి వెళ్లింది. ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) వాళ్లతో పాటు వ్యవసాయం, వైద్యం, పశువైద్యం చదివే వాళ్లు, చెప్పే వాళ్లు కూడా ఉన్నారు. ఊళ్లో వైద్యం చేశారు, పశువులకు మందులిచ్చారు, అదే సమయంలో కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు, పెళ్లిళ్లు, పండగలు, తిండి రాసుకున్నారు. 1955లో "ఇండియన్ విలేజ్" పేరుతో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఒక భారతీయ గ్రామాన్ని మొత్తంగా చూపిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ఆ ఏళ్లలోనే, 1952 అక్టోబర్ 2న, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం మొదలైంది. ఊరికి ఏది ఇస్తే ఎవరికి చేరుతుందో తెలియకుండా పథకాలు నడపలేమని అప్పటి వాళ్లకు తెలుసు. ఎవరెవరు కలిసి వెళ్లారో చూడు, డీఆర్‌సీకి ఇదొక్కటి చాలు.

లెక్కల_లలిత
మెట్లు గారి కాలంలోదే ఇంకోటి. ఎకనామిస్టు ఎ.ఎం. ఖుస్రో ఉస్మానియాలో ఉండగా జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాల మీద చేసిన అధ్యయనం, 1958లో అచ్చయింది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, 1950లో కౌలు చట్టం వచ్చింది. చట్టం వచ్చాక నిజంగా భూమి ఎవరి చేతిలో ఉంది, రక్షిత కౌలుదారులు (చట్టం హక్కు ఇచ్చినవాళ్లు) ఎంతమంది నిలబడ్డారు, ఎంతమందిని ఖాళీ చేయించారు అని ఊళ్లకెళ్లి చూశారు. పేరుకు ఎకనామిక్స్, చేసింది మాత్రం చట్టం, చరిత్ర, రెవెన్యూ రికార్డు మూడూ కలిపి చదవడం.

సివిల్_సాబ్
అన్నీ 1950ల ముచ్చట్లే. అప్పుడు అందరికీ దేశభక్తి ఉండేది. ఇప్పటిది చెప్పండి.

పాత_ఇన్వెస్టిగేటర్
ఇప్పటి వరకూ నడిచింది ఒకటి చెప్తా, ఓపిగ్గా చదవండి.

పటాన్‌చెరు ఇక్రిశాట్ (అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ) అంటే అందరికీ జొన్న, కంది, వేరుశనగ విత్తనాలు. 1972లో పెట్టారు. పెట్టిన కొత్తలో శాస్త్రవేత్తల బెంగ ఏంటంటే, మేం మంచి విత్తనం ఇస్తే రైతు ఎందుకు వేయడం లేదు? చదువు లేదు, మొండితనం, భయం అని అందరూ అనుకునేవాళ్లు. 1975లో ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రలో నాలుగు. ఊరికి నలభై ఇళ్లు: పది భూమి లేనివి, పది చిన్న, పది మధ్య, పది పెద్ద రైతులవి. చదువుకున్న ఒక కుర్రాడు ఆ ఊళ్లోనే కాపురం ఉండి మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి పంట, కూలి, అప్పు, తిండి, పశువులు అన్నీ రాసుకోవాలి. పదేళ్లు అలా సాగింది. మధ్యలో ఆగి, 2001 నుంచి మళ్లీ మొదలై, 2009 తర్వాత బంగ్లాదేశ్‌తో కలిపి నలభై రెండు ఊళ్లకు పెరిగింది.

బిన్స్‌వాంగర్ అనే ఎకనామిస్టు ఈ ఇళ్ల వాళ్లతోనే నాణెం ఎగరేసే ఆట ఆడించాడు, నిజం డబ్బుతో. పెద్ద పందెంలో కూలి మనిషి నెల సంపాదన కంటే ఎక్కువ చేతిలో పడేది. తేలిందేంటి? పందెం పెద్దదయ్యే కొద్దీ ధనికుడూ పేదవాడూ దాదాపు ఒకేలా జాగ్రత్త పడ్డారు. పేద రైతుకు ప్రత్యేకంగా పిరికితనం ఏమీ లేదు. లేనిదల్లా అప్పు పుట్టే దారి. రైతుకు ధైర్యం నూరిపోసే ఉపన్యాసం మానేసి బ్యాంకు వైపు చూడమని దీని అర్థం. ఆటలు ఆడించినవాడు ఎకనామిస్టు, పంట లెక్క అగ్రానమిస్టుది (పంటల శాస్త్రవేత్త), ఊళ్లో ఉండి నమ్మకం సంపాదించింది ఇన్వెస్టిగేటరు. ఒక్కడు లేకపోయినా ఆ ఫలితం రాదు.

లెక్కల_లలిత
పైదానికి కలపాల్సింది. ఎకనామిస్టు రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఈ డేటాతోనే చూపించాడు. ఒక ఇంటికి ఆ ఏడాది పంట పోయినా తిండి ఖర్చు అంతలా పడిపోలేదు, ఊరి సగటుతో పాటే కదిలింది. అంటే అప్పులు, చేబదుళ్లు, బంధువులు, ఏదో రకంగా ఊరే ఒక బీమాలా పనిచేస్తోంది. భూమి లేని వాళ్లకు ఆ రక్షణ అంత గట్టిగా లేదు. ప్రపంచంలో ఎక్కడ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ చదివినా ఈ పేపర్ చదవకుండా బయటికి రారు. ఔరేపల్లి కల్లు గీసే గౌడన్న అప్పు లెక్క అమెరికా క్లాస్‌రూముల్లో పాఠం. ఇక్కడ మన యూనివర్సిటీలో అడిగితే ఔరేపల్లి ఎక్కడ అంటారు.

కంది_కుర్రాడు
నాకూ తెలీదు 😅 ఐఐటీలో లిబరల్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ మా హాస్టల్ నుంచి నడిచి వెళ్లే దూరం, ఎవరూ చెప్పలేదు. అయినా ఇప్పుడు శాటిలైట్ ఫొటోలు, మొబైల్ డేటా, ఏఐ ఉన్నాయి కదా. ఊళ్లో కాపురం ఉండాల్సిన అవసరం ఇంకా ఉందా?

పాత_ఇన్వెస్టిగేటర్
తమ్ముడూ, ఆదాయం అడిగితే సగం చెప్తారు, రేషన్ కార్డు పోతుందని. అప్పు అడిగితే రెట్టింపు చెప్తారు, మాఫీ వస్తుందని. భూమి అడిగితే పట్టా ఉన్నదే చెప్తారు, దున్నుతున్నది చెప్పరు. ఊళ్లో ఉన్నవాడికి బర్రె ఈనిన సంగతి, బిడ్డ పెళ్లికి తాకట్టు పెట్టిన సంగతి అడక్కుండానే తెలుస్తుంది. నీ శాటిలైట్‌కు పొలం పచ్చగా ఉందని తెలుస్తుంది, కౌలుకు చేస్తున్నది ఎవరో తెలియదు.

నేను పనిచేసిన ప్రాజెక్టు వేరు, పేరు చెప్పను. మూడు మండలాలు తిరిగాం. రిపోర్టు పెద్ద హోటల్లో విడుదల చేశారు. ఫీల్డ్ వాళ్ల పేర్లు చివరి పేజీలో కూడా వేయలేదు. ఊరి వాళ్లకు ఆ రిపోర్టు ఇంగ్లీషులో ఒక కాపీ పోస్టులో పంపారట. పంచాయతీ ఆఫీసు అల్మారాలో ఉండి ఉంటుంది.

లెక్కల_లలిత
కౌలు మాట వచ్చింది కాబట్టి. 2004లో రైతు ఆత్మహత్యల నేపథ్యంలో ఎకనామిస్టు జయతి ఘోష్ అధ్యక్షతన కమిషన్ వేశారు. అప్పు, బోరు, విత్తనం, ధర, కౌలు అన్నీ ఒకచోట పెట్టి చూసింది. కౌలుదారును కాగితం మీద గుర్తించకపోతే బ్యాంకు అప్పూ లేదు, పంట బీమా లేదు, పోతే పరిహారమూ లేదు అని తేలింది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చినప్పుడు మాత్రం ఎకరాకు పంటకు నాలుగు వేలు పట్టాదారు ఖాతాలోకే వెళ్లాయి. పరిశోధన చేశారు, తేలింది, చట్టం కూడా వచ్చింది, పథకం రాసేటప్పుడు పక్కన పెట్టారు. కాబట్టి సివిల్ సాబ్, పరిశోధన లేక కాదు, వినే చెవి లేక.

సివిల్_సాబ్
అది రాజకీయం, పరిశోధన సంగతి కాదు. పట్టా లేనివాడికి డబ్బిస్తే రేపు భూమి నాదే అంటాడని పట్టాదారు భయం. ఆ భయం మీ కమిషన్ తీర్చిందా?

లెక్కల_లలిత
కౌలు గుర్తింపుకూ యాజమాన్యానికీ సంబంధం లేదని 2011 చట్టంలోనే రాశారు. భయం పోలేదు, నిజమే. ఆ భయం ఎందుకు పోలేదో చూడాల్సింది ఎకనామిస్టు కాదు, 1950 చట్టం తర్వాత ఊళ్లలో ఏం జరిగిందో తెలిసిన చరిత్రకారుడు. అందుకే ఖుస్రో పుస్తకం చెప్పాను.

మునుగోడు_పిల్లగాడు
మా వైపు సంగతి రాస్తా. మా పెద్దనాయనకు నడుము వంగిపోయింది, మెడ తిరగదు. నీళ్లలో ఫ్లోరైడ్. మా దగ్గర ఇలాంటి వాళ్లు లేని వాడ లేదు.

మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్, మొదట బయటపడ్డది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం వైపు. మా నల్లగొండ పేరు మాత్రం నీళ్లు శుద్ధి చేసే పద్ధతికి పెట్టారు. నాగపూర్ నీరీ (పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు కనిపెట్టిన నల్గొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, తేరుకోనిచ్చి, పైనీళ్లు తీసుకోవాలి. కెమిస్ట్రీ సరైనదే. కానీ పటిక మోతాదు నీళ్లను బట్టి మారుతుంది. రోజూ ఎవరు కొలవాలి? అడుగున బురద ఎక్కడ పోయాలి? నీళ్లు మోసేది ఆడవాళ్లు, కూలికి పోయేదీ వాళ్లే, తిప్పే టైము ఎవరికుంది? ఈ ప్రశ్నలు ల్యాబ్‌లో అడగలేదు.

డెబ్బైల్లో తార్నాక ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) డాక్టర్లు మా జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగే జబ్బు చూసి వాళ్లు మాత్రం తిండి వైపు చూశారు. జొన్న తినే వాళ్లలో ఎందుకు ఎక్కువ, రాగి (కాపర్), మాలిబ్డినం లోహాల పాత్ర ఏంటి, నాగార్జునసాగర్ కట్టాక నేలనీరు మారడానికి దీనికి లంకె ఉందా అని వెతికారు. పోషకాహార శాస్త్రం, నీళ్లు, డ్యామ్ ఒకే కాగితం మీదికి వచ్చాయి. చివరికి మార్పు తెచ్చింది కృష్ణా నీళ్లు పైపుల్లో రావడమే. అది కూడా ఉద్యమాలు చేసి, ఢిల్లీ దాకా బాధితులను తీసుకెళ్లి చూపిస్తే వచ్చింది. పేపర్లకు తోడు ఆ మనుషులను కూడా లెక్కలోకి తీసుకోండి.

చాయ్_బిస్కట్
ఇక జోకులు వేయను. రాస్తూ ఉండండి.

సివిల్_సాబ్
మునుగోడు తమ్ముడూ, చివరికి పైపులే గెలిచాయి అని నువ్వే రాశావు. నేనన్నదీ అదే.

మునుగోడు_పిల్లగాడు
పైపు గెలవడానికి నలభై ఏళ్లు ఎందుకు పట్టింది సార్? ఇంజనీర్లు లేకనా? పైపు హైదరాబాద్‌కు ముందు వచ్చింది, మా ఊరి మీదుగానే. అది ఇంజనీరింగ్ నిర్ణయం కాదు.

ఉట్నూరు_బాట
మా ఆదిలాబాద్ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తా. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం సర్కారుకు భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని ఆంత్రోపాలజిస్టు హైమెన్‌డార్ఫ్‌ను పంపారు. ఆస్ట్రియా మనిషి. యుద్ధం వచ్చేసరికి శత్రుదేశం పాస్‌పోర్టు ఉన్నవాడని నిజాం రాష్ట్రంలోనే ఉండమన్నారు. భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. అడవి చట్టం పోడు భూమిని ఎలా లాక్కుంది, పట్వారీ, షావుకారు, బయటి పట్టాదారు ఎలా కలిసి నడిచారు అని రిపోర్టులు రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. వేల ఎకరాలకు పట్టాలు ఇచ్చారు. ఇప్పటికీ జనవరిలో వాళ్ల సమాధుల దగ్గర మా వాళ్లు చేరతారు.

నాన్‌నెట్_నారి
హైమెన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేయడం నాకు నచ్చదు. ఆయనను పంపింది తిరుగుబాటు అణచిన సర్కారే. గోండులకు ఏం కావాలో గోండులు చెప్పినట్టు కాక, ఆయన చెప్పినట్టు రికార్డయింది. తర్వాత ఆ పట్టాల్లో ఎన్ని మిగిలాయి? 1959, 1970 భూబదలాయింపు నిబంధనలు ఉండి కూడా భూములు పోయాయి, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. జాతి నిర్మాణం అనే మాట అక్కడ చనిపోయినవాళ్ల స్తూపం దగ్గర నిలబడి అనండి చూద్దాం.

ఉట్నూరు_బాట
అక్కా, దేవుణ్ణి చేసింది మా తాతలు, నేను కాదు. పంపింది ఎవరైనా, రాసింది సర్కారుకు నచ్చేది కాదు. మీరన్నదాంట్లో నాకు పట్టింది ఒకటుంది: ఈ రోజుకు కూడా గోండీ మాతృభాషగా ఉన్న ప్రొఫెసర్లు మన యూనివర్సిటీల్లో ఎంతమంది? మా మీద పీహెచ్‌డీలు బస్తాల్లో ఉన్నాయి.

నాన్‌నెట్_నారి
దానికి నా దగ్గర జవాబు లేదు, ఉద్యోగం కూడా లేదు. నెలకు 8,000 ఫెలోషిప్. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కొట్టిన వాళ్లకు 2023 నుంచి 37,000. ఇద్దరం ఒకే మెస్‌లో తింటాం.

మల్లీ, చేదుగా అనిపించినా చెప్తాను. రేపు పోస్టు పడితే నోటిఫికేషన్‌లో "సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టు" అని ఉంటుంది. ఏది అనుబంధం అన్నది ఆ రోజు టేబుల్ అవతల కూర్చున్నవాళ్ల ఇష్టం. నాది జెండర్, పబ్లిక్ హెల్త్ కలిసిన థీసిస్. సోషియాలజీ పోస్టుకు వెళ్తే ఉమెన్ స్టడీస్‌కు పొమ్మన్నారు, అక్కడ పోస్టులే లేవు. ఇంటర్‌డిసిప్లినరీ చెయ్యమని జాతీయ విద్యా విధానం (ఎన్ఈపీ) 2020 చెప్తుంది, యూజీసీ స్ట్రైడ్ పథకం 2019లో చెప్పింది. ఉద్యోగం ఇచ్చే పోస్టుల జాబితాలో (రోస్టర్) మాత్రం పాత సబ్జెక్టులే.

లెక్కల_లలిత
డబ్బు సంగతి కూడా అంతే. 1969లో సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, ఐసీఎస్ఎస్ఆర్, పెట్టినప్పుడు ఎకనామిస్టు గాడ్గిల్, విద్యావేత్త జె.పి. నాయక్ లాంటివాళ్లు ఉన్నారు, దేశమంతా పరిశోధన సంస్థలకు ఆసరా ఇచ్చారు. మన బేగంపేట సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం) కూడా ఆ వరుసలోదే, 1980లో మొదలైంది. 2018లో ఇంప్రెస్ అనే కేంద్ర పథకం పేరుతో 414 కోట్లు ప్రకటించి రెండేళ్ల ప్రాజెక్టులు పంచారు. రెండేళ్లలో ఒక ఊరు మనల్ని నమ్మడం కూడా పూర్తికాదు. 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం వచ్చింది, ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో సామాజిక శాస్త్రాలకు చోటు సైన్స్, టెక్నాలజీతో కలిసే అంచు దగ్గరే. మల్లి లాంటి టాపిక్‌కు ఆ అంచు పనికిరావచ్చు. కుటుంబ చరిత్ర, కుల సంఘాలు లాంటివి చదివేవాడికి ఏమీ లేదు.

బెజవాడ_బాబు
ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన ఒక మంచి పని మర్చిపోయారు. ఉపాధి హామీ సోషల్ ఆడిట్. 2006లో మొదలైంది, 2009లో దానికోసం హైదరాబాద్‌లో ప్రత్యేక సొసైటీ పెట్టారు. ఊరి కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ పంపి, తర్వాత జనం ముందు మైకులో చదివించారు. "ఫలానా ఎల్లయ్య, పన్నెండు రోజులు" అని చదవగానే "ఎల్లయ్య చచ్చి రెండేళ్లయింది" అని వెనక నుంచి కేక. దానికంటే మంచి డేటా వెరిఫికేషన్ ఏ జర్నల్లో ఉంది? అకౌంటింగ్, చట్టం, ఊరి రాజకీయం మూడూ తెలియకపోతే ఆ పని చేయలేరు.

సివిల్_సాబ్
ఇది మాత్రం ఒప్పుకుంటా. మా డిపార్ట్‌మెంట్లో ఆడిట్ వస్తోందంటే అసిస్టెంట్ ఇంజనీర్లకు టెన్షన్.

పత్తర్‌గట్టి_పాన్
ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. పరిశోధన ఇంగ్లీషులో ఉంటే ఊరికి చేరదని పైన ఇన్వెస్టిగేటర్ భాయ్ అన్నారు. ఇదే ఊళ్లో 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి చరిత్ర, అర్థశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగ్ పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. మరుసటి ఏడాది ఉస్మానియా. మన దేశభాషలో పై చదువులు చెప్పిన మొదటి యూనివర్సిటీ.

ఆర్ట్స్‌కాలేజీ_మెట్లు
నిజమే భాయ్. కానీ రాష్ట్రంలో ఎక్కువమందికి ఇంటి భాష తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లకు ఉర్దూ కూడా ఇంగ్లీషంత దూరమే. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ కాలంలోనే కావ్యాలు, శాసనాలు, సామెతలు, ఆటలు, వంటలు వెతికి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి దానికే. రాజుల పేర్లు కాకుండా జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు అని అడిగిన మనిషి. ఆయన్ని ఏ డీఆర్‌సీ పాస్ చేసేది?

కంది_కుర్రాడు
హిస్టరీకి పొమ్మంటే తెలుగు డిపార్ట్‌మెంట్‌కు, వాళ్లు మళ్లీ హిస్టరీకి 😂

మోడరేటర్
రాష్ట్రాల పంచాయితీ మొదలవక ముందే చెప్తున్నా. బెజవాడ_బాబు పోస్టు కింద వచ్చిన రెండు జవాబులు తీసేశాను. టాపిక్ మీదే ఉండండి.

నాన్‌నెట్_నారి
టాపిక్ మీదే అడుగుతున్నా. జాతి నిర్మాణం కోసం పరిశోధన అని ముందే అనుకుంటే, ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించే లెక్క బయటపడినప్పుడు ఏం చేస్తారు? 2017-18 వినియోగ ఖర్చుల సర్వే విడుదల చేయకుండానే పక్కన పడేశారు. మళ్లీ అలాంటి సర్వే వివరాలు 2024లోనే చూశాం. మధ్యలో ఇన్నేళ్లు పేదరికం మీద ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు.

లెక్కల_లలిత
పూర్తిగా నీతోనే ఉన్నాను. 1950లో గణాంకవేత్త మహలనోబిస్ నేషనల్ శాంపిల్ సర్వే మొదలుపెట్టినప్పుడు దాని విలువంతా ఏంటి? తెలిసింది చెప్తుంది, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా. 2021 జనాభా లెక్కలు 2027కి వెళ్లాయి. పునాది లెక్క లేకుండా మేం ఏ శాంపిల్ తీసినా 2011 మీదే తీస్తున్నాం. హైదరాబాద్ శివార్లకు 2011 లెక్క వాడితే నవ్వొస్తుంది, అప్పుడు పొలాలు, ఇప్పుడు పదిహేను అంతస్తులు. మల్లీ, నీ థీసిస్‌లో మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది, చూసుకో.

మెట్టుగూడ_మల్లి
ఇంత వస్తుందనుకోలేదు. శామీర్‌పేట, ఔరేపల్లి, నల్లగొండ మూడూ సినాప్సిస్ మొదటి అధ్యాయంలో పెడుతున్నా. లలిత మేడమ్ అన్న చిక్కు ఇప్పటికే వచ్చింది, వార్డు మ్యాపులు కూడా మారిపోయాయి. ఇళ్ల జాబితా ఎక్కడి నుంచి తీసుకోవాలి? కరెంటు కనెక్షన్లా, ఆస్తి పన్నా?

లెక్కల_లలిత
ఆస్తి పన్నులో అద్దెకుండే వాళ్లు మాయమవుతారు, నీకు కావలసింది వాళ్లే. కరెంటు మీటర్ల జాబితా మేలు, ఇస్తే. ఇవ్వకపోతే నాలుగు కాలనీలు ఎంచుకుని ఇంటింటి జాబితా నువ్వే రాసుకో. విసుగు పని, కానీ తర్వాత ఎవరూ వేలు పెట్టలేరు.

ఆర్ట్స్‌కాలేజీ_మెట్లు
డీఆర్‌సీకి వెళ్లేటప్పుడు టైటిల్‌లో భూగర్భజలం పెట్టకు. "నీటి లభ్యత, అసమానత" అని పెట్టి, లోపల మూడో అధ్యాయంలో నీటి మట్టాలు పెట్టు. జియాలజీ నుంచి కో-గైడ్‌ను అడుగు. నిన్ను తిట్టిన సార్‌నే అడుగు, తిట్టినవాళ్లే ఎక్కువగా చదువుతారు.

నాన్‌నెట్_నారి
సార్, ఇది లొంగిపోవడం కాదా? టైటిల్ దాచుకుని ఎన్నాళ్లు?

ఆర్ట్స్‌కాలేజీ_మెట్లు
అమ్మా, ముందు డిగ్రీ చేతికి రానీ. కమిటీలో నువ్వు కూర్చున్న రోజు టైటిళ్లు మార్చు.

మునుగోడు_పిల్లగాడు
భూగర్భజల శాఖ వాళ్లు నెలనెలా మండలాల వారీగా నీటి మట్టాలు ఇస్తారు అక్కా, పీజోమీటర్ల (నీటి మట్టం కొలిచే బోర్లు) రీడింగులు. మే నెలవీ, నవంబర్‌వీ పక్కపక్కన పెట్టి చూడు.

పాత_ఇన్వెస్టిగేటర్
ట్యాంకర్ డ్రైవర్లను ఇంటి దగ్గర అడిగితే ఏమీ చెప్పరు. తెల్లవారుజామున నీళ్లు నింపుకునే చోట లైన్లో నిలబడి ఉంటారు, అప్పుడు ఖాళీగా ఉంటారు. ఫారం బయటికి తీయకు. మొదటి వారం అసలు ఏమీ అడగకు. ఓనరు ఎవరో రెండో వారం వాళ్లే చెప్తారు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, ఎండాకాలం మొదలవక ముందే పరిచయం చేసుకోవాలి. ఏప్రిల్‌లో వెళ్తే నిన్ను కార్పొరేషన్ మనిషివనుకుంటారు.

మెట్టుగూడ_మల్లి
డీఆర్‌సీ ఫిబ్రవరిలో. అంటే పర్మిషన్ రాకముందే ఫీల్డ్‌కు వెళ్లమంటారా?

పాత_ఇన్వెస్టిగేటర్
లైన్లో నిలబడి టీ తాగడానికి పర్మిషన్ దేనికమ్మా? ఫారం నింపడం మొదలుపెట్టేటప్పుడు తీసుకో.